అందుబాటు

యమహా కంపెనీ 1983లో తెచ్చిన డీఎక్స్7 సింథసైజర్‌లో స్వరం తీరు మార్చే అంశాలు నూటికి పైగా ఉన్నాయి. వాటన్నిటికీ జరిపే మీట మాత్రం ఒక్కటే! ఏది మార్చాలన్నా ముందు బొత్తాలు నొక్కి, చిన్న కిటికీలో వెదుక్కోవాలి. అందుకే చాలామంది కంపెనీ అమర్చిపెట్టిన స్వరాలతోనే సరిపెట్టుకున్నారు.

మా అబ్బాయి ఆ పాత వాద్యానికి మిడి తీగతో ఓ పెట్టె తగిలించాడు. దాని నిండా రేడియోకున్నట్టు తిప్పే నాబులు. ఒక్కోదానికి ఒక్కో పని. ఇప్పుడు వాయిస్తూనే తిప్పేస్తున్నాడు. వాద్యం లోపల కొత్తగా చేరిందేమీ లేదు, అయినా ఎన్ని కొత్త ధ్వనులో! మరి ఇన్నాళ్లూ ఆ స్వేచ్ఛ ఉన్నట్టా, లేనట్టా?

"ఉందమ్మా, బద్ధకస్తులు వాడుకోలేదు" అంటాడు వాడు. ఏమో! "ఇంట్లో అంతా నీ ఇష్టమేగా" అంటారు మావారు కూడా. బీరువా తాళాలు ఆయన జేబులో ఉంటాయి. అడిగితే ఇస్తారు, కాదనను. కానీ రోజుకెన్నిసార్లని అడుగుతామండీ?