పాత ధోతి గుడ్డ

బిడ్డా, నిన్న పొద్దుగూకే వేళ పాపను నా ఒడిలో వేసి నువ్వు బట్టలు తీయడానికి పోయినప్పుడే చూశాను. మెడ మడతల్లో ఎర్రగా కందింది, మోచేతి వంపులో గరుకు తేలింది, వీపు నిండా సన్నటి చెమటకాయలు. నీకు రెండు రాత్రులుగా నిద్ర లేదని నీ కళ్లే చెప్పాయి. నలుగురూ నాలుగు చెప్పారన్నావు. పక్కింటి గుజరాతీ మాసి పాలమీగడలో పసుపు కలిపి రాయమంది. ఎదురింటి బిహారామె ఆవనూనె మర్దన చేయమంది. మీ అత్త ఫోన్‌లో నలుగు మానొద్దంది. మెడికల్ షాపు అబ్బాయి ఒక పూతమందు గొట్టం చేతిలో పెట్టాడు. ఆ నాలుగింటి మీద ఐదో మాట చెప్పడానికి నిన్న నోరు రాలేదు. రాత్రంతా ఆలోచించి ఇవాళ కాగితం మీద పెడుతున్నాను. మీ ఆయన రాత్రి పనికి పోయాక, పాప పడుకున్నాక తీరిగ్గా చదువుకో.

ముందు నా తప్పు చెబుతాను. మా పెద్దోడు పుట్టినప్పుడు మేము ఇక్కడే సూరత్‌లో, లింబాయత్‌లో ఒంటిగదిలో ఉండేవాళ్లం. మీ తాతయ్య మరమగ్గాల కార్ఖానాలో సాంచాలు నడిపేవాడు, నాకింకా మున్సిపాలిటీ తెలుగు బడిలో టీచరు ఉద్యోగం రాలేదు. చెప్పేవాళ్లు లేరు. ఊళ్లో మా అమ్మ చేసింది చూసి, అంతకు రెండింతలు చేశాను. కాళ్లు చాపుకొని బిడ్డను వాటి మీద బోర్లా వేసుకొని, పొగలు కక్కే నీళ్లు పోసి, పిండిముద్దతో వీపు మీద నూగంతా రాలేదాకా రుద్దాను. వాడు ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి నిద్రపోతే, స్నానం మహిమతో హాయిగా పడుకున్నాడని మురిశాను. నెల తిరిగేసరికి చెంపలు పగిలి నీరు కారింది. దాని మీద వేపాకు కాచిన నీళ్లు, దాని మీద పసుపు, దాని మీద పౌడరు. చివరికి ఆసుపత్రికి తీసుకుపోతే, ఒక పెద్ద డాక్టరమ్మ నన్ను ఒక్క మాట కూడా అనకుండా, రాస్తున్నవన్నీ ఒక్కొక్కటిగా వేళ్ల మీద లెక్కపెట్టించింది. ఎనిమిది తేలాయి. పది రోజులు ఎనిమిదీ మానేసి, గోరువెచ్చని నీళ్లు, కాస్త కొబ్బరినూనె, నూలుగుడ్డ, ఈ మూడింటితోనే గడపమంది. పదో రోజుకు వాడి చెంపలు చల్లబడ్డాయి. ఆ పిల్లవాడు ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అందుకే నీకు ఇంత చెబుతున్నాను.

మనం మగ్గం కులంవాళ్లం కదా, బట్ట లెక్కన చెబితే నీకు వెంటనే తెలుస్తుంది. పెద్దవాళ్ల చర్మం చిక్కగా నేసిన దుప్పటి అనుకో. పసిదానిది ఇంకా మగ్గం మీదే ఉన్న బట్ట. దాని పైపొర మనదానికన్నా 30 శాతం దాకా పలుచన. లోపలి తడి తొందరగా ఆరిపోతుంది, బయటి ఘాటు తొందరగా లోపలికి దిగుతుంది. మన ఒంటి మీద కంటికి కనిపించని సన్నటి పులుపు పొర ఒకటి ఉంటుంది, క్రిములను అదే ఆపుతుంది. పుట్టినప్పుడు బిడ్డకు ఆ పులుపు ఉండదు, వారాల తరబడి మెల్లగా కుదురుకుంటుంది. మనం వాడే సబ్బు దానికి సరిగ్గా ఎదురు గుణం, క్షారం. పూటపూటా సబ్బు రుద్దితే కుదురుకుంటున్న ఆ పొరను మనమే కడిగేసినట్టు. కాన్పు గదిలో బిడ్డ ఒంటి మీద తెల్లటి జిడ్డు చూసి మనం మురికి అనుకుంటాం. అది ఆ చర్మానికి దేవుడు కప్పి పంపిన దుప్పటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదటి స్నానం కనీసం 24 గంటలు ఆగి చేయించమంటున్నది. మీ చెల్లెలి కాన్పు దగ్గరపడిందన్నావు కదా, ఈ మాట దానికి తప్పకుండా చేరవేయి.

మీ అత్త మాటను తీసిపారేయమని నేను అనను. నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో వరంగల్ నుంచి ఎవరో వస్తుంటే, డబ్బా నిండా సున్నిపిండి దంచి పంపింది. అందులో ఎంత ప్రేముందో నాకు తెలుసు. ఆమె పెసలు వేయించి విసురుతున్నంతసేపూ మనవరాలి ముఖమే తలుచుకొని ఉంటుంది. ఫోన్‌లో వాదం పెట్టుకోకు. డబ్బా మూత గట్టిగా బిగించి దాచు. పాపకు మూడేళ్లు వచ్చాక, పండుగపూట నూనె రాసిన ఒంటికి, రుద్దకుండా తడిపిండిలా పూసి కడుగుదువు. ఇప్పుడు మాత్రం వద్దు. ఆ నూగు దానంతట అదే రాలిపోతుంది, ముద్దతో లాగక్కర్లేదు.

ఇంకొకటి ఉంది, మన పెద్దవాళ్లకు తట్టనిది. మన ఊళ్ల ఎండ పొడి ఎండ, చెమట పట్టినట్టే పట్టి ఆరిపోతుంది. ఇక్కడ డుమస్ సముద్రం దగ్గర, తాపీ నది పక్కన, గాలి ఎప్పుడూ తడిగానే ఉంటుంది. భేస్తాన్‌లో మన గదులా, వెనకాల ఒక కిటికీ, ముందర ఒక తలుపు. ఊళ్లో ఒళ్లంతా నూనె పూసి పడుకోబెడితే చర్మానికి మేలయింది. ఇక్కడ అదే నూనె చెమట రంధ్రాల మీద మూతలా కూర్చుంటుంది. లోపలి చెమట బయటికి రాలేక పొక్కులవుతుంది. పాప వీపు మీదివి అవే. వాటికి మందు గాలి. ఫ్యాను కింద, నేరుగా ముఖానికి తగలకుండా, ఒక్క పలుచటి జుబ్బాతో పడుకోబెట్టు. టోపీ, సాక్సులు, పైన దుప్పటి అన్నీ తీసెయ్. చెమటకాయల మీద నూనె వద్దు, పౌడరు అసలే వద్దు. పౌడరు చెమటతో కలిసి ముద్దకడుతుంది, చల్లినప్పుడు లేచే దుమ్ము బిడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

స్నానం రోజుకొకసారి చాలు. నీళ్లు నీ మోచేతితో చూడు. అరచేయి గిన్నెలు తోమి మొద్దుబారి ఉంటుంది, దాన్ని నమ్మకు. మోచేతికి వేడీ కాకుండా చల్లనా కాకుండా ఉండాలి. ఐదు నిమిషాల్లో, మహా అయితే పది నిమిషాల్లో ముగించు. వారానికి రెండు మూడుసార్లు, వాసన లేని ఘాటు తక్కువ బేబీ వాష్ చంకలకు, తొడల మడతలకు చాలు. మీ బిల్డింగులో బోరు నీళ్లే వస్తే, సబ్బు నురగ రాకుండా ఒళ్లు జిగటగా తేలితే, ఆఖరి చెంబు తాగే నీళ్లతో పోయి. తువ్వాలతో తుడవకు, అద్దు. మెడ మడత వేలితో విప్పి మరీ అద్దు, పాలు చారలుగా కారి చేరేది అక్కడే. పాలు తాగిన ప్రతిసారీ తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడిస్తే ఆ కందుడు నాలుగు రోజుల్లో తగ్గాలి. తగ్గకుండా ఎరుపు చుట్టూ చిన్న చిన్న పొక్కులు పాకితే అది బూజు జాతి, డాక్టరుకు చూపించాలి.

మోచేతి వంపులో గరుకుకు మాత్రం నూనె కావాలి. ఒళ్లింకా చెమ్మగా ఉన్నప్పుడే, మూడు నిమిషాల్లోపు, ఆ చోట మాత్రం రాయి. వాసనలు కలపని కొబ్బరినూనె మంచిది. దొరక్కపోతే మామూలు పెట్రోలియం జెల్లీ. పొద్దుతిరుగుడు నూనె కూడా చర్మానికి మంచిదే. ఢాకాలో నెలలు నిండని పసివాళ్ల ఒంటికి ఆ నూనె రాస్తే ఆసుపత్రిలో అంటుకునే జబ్బులు తగ్గాయని 2005లో పరిశోధన అచ్చయింది. ఆవనూనె మాత్రం ఘాటు, పలుచటి చర్మాన్ని కోస్తుంది. ఎదురింటామెకు నవ్వుతూ చెప్పు, మా పాపకు పడలేదక్కా అని. ఆమె ప్రేమతోనే చెప్పింది. మొదటిసారి ఏ నూనైనా తొడ మీద ఒక చుక్క రాసి ఒక రోజు చూశాకే ఒంటికి.

ఇక బట్ట సంగతి. దీని మీద నేను ఎక్కువ మాట్లాడతాను, ఓర్చుకో. మన తాతలు నూలు నేశారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ నుంచి సూరత్ వచ్చిన మన మగవాళ్లు పాలియెస్టర్ నేశారు. ఆ పాలియెస్టరే మనకు అన్నం పెట్టింది, నేను దాన్ని చిన్నచూపు చూడను. కానీ అది చెమట పీల్చదు. నీ పాపకు ఇరవై ఒకటో రోజున వచ్చిన గౌన్లు చూశాను, వల గుడ్డ, మెరుపులు, మెడ దగ్గర గట్టి కుట్టు, చీటీ. ఫొటోకు ఐదు నిమిషాలు వేసి తీసెయ్. ఇంట్లో నూలుదే, అదీ పాతదే. కొత్తబట్టలో గంజి ఉంటుంది, రంగు మిగిలి ఉంటుంది. రెండుసార్లు ఉతక్కుండా పసిదాని ఒంటికి తాకనీయకు. మెడ దగ్గరి చీటీ కత్తిరించు. కుట్లు గుచ్చుతుంటే తిరగేసి తొడుగు, చూసేవాళ్లు ఏమన్నా అనుకోనీ. లంగోటీలు తక్కువ పొడితో ఉతికి మూడుసార్లు జాడించు. వానాకాలం నాలుగు నెలలు గ్యాలరీలో ఏదీ ఆరదు, చెమ్మగుడ్డ కట్టేకన్నా ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టు. బయటికి పోయినప్పుడు డైపరు తప్పదు, తప్పు పట్టను. మూడు గంటలకోసారి చూసి మార్చు, కొత్తది కట్టేముందు కాసేపు ఒట్టి ఒంటితో వదిలెయ్.

మీ ఆయన సాంచాల దగ్గర నుంచి వచ్చీ రాగానే పాపను ఎత్తుకుంటాడు. పన్నెండు గంటలు ఆ మోతలో నిలబడినవాడికి ఆ ముద్దు కాకుండా ఇంకేముంది! అయినా అంగీ మార్చి, చేతులు మోచేతులదాకా కడుక్కొని ఎత్తుకోమను. బట్టల నిండా దారాల దుమ్ము, యంత్రం నూనె ఉంటాయి. పాండేసరాలో రంగుల మిల్లులో చేసే మీ మరిదికి ఈ మాట రెండింతలు వర్తిస్తుంది. నువ్వు మధ్యాహ్నం చీరలకు రాళ్లు అంటించే పని తెచ్చుకుంటావు. ఆ జిగురు, మెరుపు పొడి పాప పరుపు దగ్గర పెట్టకు. పని అయ్యాక గోళ్లలో ఇరుక్కున్నదాకా కడుక్కొనే పాలివ్వు.

కాటుక కంట్లో వద్దు, అంగట్లో కొన్న కాటుకలో సీసం ఉండొచ్చు. దిష్టికైతే అరికాలి కింద చుక్క పెట్టు, దిష్టి దానికీ భయపడుతుంది. సాంబ్రాణి పొగ దేవుడి దగ్గర పెట్టు, ఉయ్యాల కింద వద్దు. మొలతాడు కింద చెమట నిలుస్తుంది, స్నానమప్పుడు ఎత్తి ఆరబెట్టు, బిగుసుకుంటే వదులు చెయ్. పసుపుమీగడ సంగతి మాసికి నేనే చెబుతాను.

ఆ గొట్టం మాత్రం నాకు భయం. నిన్న వెనక అక్షరాలు చదివాను. స్టెరాయిడ్, బూజు మందు, ఇంకేవో కలిపిన మందు అది. రాసిన రెండో రోజుకే ఎరుపు పోతుంది, ఆనందపడతాం. నెలల తరబడి రాస్తే చర్మం ఉల్లిపొరలా పలచబడుతుంది, లోపలి జబ్బు ముసుగేసుకొని పెరుగుతుంది. ఇలాంటి స్టెరాయిడ్ పూతమందులు చాలావాటిని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో ప్రభుత్వం ఉత్తర్వు కూడా తెచ్చింది. అలాగని డాక్టరు చూసి, ఇంత మోతాదు, ఇన్ని రోజులు అని రాసిస్తే భయపడి మానకు. ఆ మోచేతి గరుకు ఎగ్జిమా అని తేలితే తగిన మందు తగినన్నాళ్లు వాడాల్సిందే.

ఎవరికి చూపించాలన్నావు. మజూరా గేటు దగ్గర న్యూ సివిల్ హాస్పిటల్ ఉంది, మున్సిపాలిటీది స్మిమేర్ ఉంది. రెండుచోట్లా పిల్లల డాక్టర్లూ చర్మం డాక్టర్లూ ఉంటారు. పాపకు జ్వరం వచ్చినా, పాలు తాగకపోయినా, పొక్కుల్లో చీము చేరినా, తేనె రంగు పెచ్చులు కట్టినా, ఎరుపు గంటగంటకూ పాకినా ఒక్క పూట కూడా ఆగకు. నెలలోపు బిడ్డకైతే ఒక్క చీము పొక్కు కనిపించినా పరుగెత్తాలి. రాత్రిపూట దురద ఎక్కువై, ఇంట్లో మిగతావాళ్లు కూడా వేళ్ల సందుల్లో గోక్కుంటున్నారంటే అది గజ్జి కావచ్చు. మీ గదిలో ఊరి నుంచి వచ్చిన కుర్రాళ్లు ముగ్గురు పడుకుంటున్నారు కదా, గజ్జి అయితే అందరూ ఒకేరోజు మందు పూసుకోవాలి, పక్కబట్టలన్నీ వేడినీళ్లలో ఉతకాలి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, ఇరుకు గదుల్లో ఎవరికైనా వస్తుంది.

నీ కంచం గురించి ఒక మాట. వంకాయ తిన్నావు కాబట్టి, పప్పు తిన్నావు కాబట్టి పాపకు ఒళ్లు పేలిందని ఎవరైనా అంటే విను, మానకు. ఒట్టి కారప్పొడి అన్నంతో నువ్వు చిక్కిపోతే పాలెక్కడివి? ఆర్నెల్లదాకా దానికి నీ పాలే అన్నం, అందుకు ఇంకా నెల ఉంది. గుడ్డు తిను, ఆకుకూర తిను. ఫలానాది తిన్న ప్రతిసారీ దద్దుర్లు లేస్తున్నాయని నీ కళ్లతో చూస్తే అది డాక్టరుకు చెప్పు, ఆయన మానమంటే అప్పుడు మాను.

మీ తాతయ్య ధోతులు రెండు నా పెట్టెలో ఉన్నాయి. ముప్పై ఏళ్లు కట్టి, ఉతికి ఉతికి వెన్నలా అయిన నూలు. ఆయన పోయాక ఎవరికీ ఇవ్వలేదు. రాత్రి ఒకటి తీసి నాలుగు ముక్కలు చేసి, అంచులు మడిచి చేత్తో కుట్టాను, ముడి ఎక్కడా తగలకుండా. పొద్దున్నే ఉతికి మిద్దె మీద ఆరేశాను, మధ్యాహ్నానికి ఆరతాయి. పాపను తీసుకొని రా. నీళ్లు నేను చూస్తాను, నువ్వు పోద్దువు.