పేరు చెప్పని మందు

పచ్చకామెరలకు మందిచ్చు ఇల్లు గోదావరి డెల్టాలో చాల గ్రామములకు దగ్గరలోనే యుండును. ఆ యిల్లు ఏ కులమువారిదైనను కావచ్చును. నియమములు మాత్రము ఎచ్చటనైనను ఇంచుమించుగ నొక్కటియే. ఆదివారమునాడు తెలతెలవారుచుండగా రోగి పరగడుపున రావలెను. ఇంటివారు ఆకుపసరును పాలలో కలిపి యిత్తురు. ఉప్పు, నూనె మానవలెను. అట్లు మూడాదివారములు పుచ్చుకొనవలెను. ఇచ్చువారు కాసు ముట్టరు. ఆకు పేరు చెప్పరు. చెప్పినచో మందునకు గుణము పోవునందురు.

ఈ నియమములలో డబ్బు పుచ్చుకొనకుండుట యెంత ఘనమైనదో, పేరు చెప్పకుండుట యంత దోషయుక్తమైనదని మా యభిప్రాయము. ఈ మాట మేము దూరమున నిలిచి పలుకుట లేదు. అట్టి ఇల్లు మాది.

మా మామ్మ చీకటితో లేచి, నూతి చప్టా దాటి, దొడ్డిలోనికి ఒంటరిగ పోయి, పెరికిన మొక్కను చెంగున దాచుకొని వచ్చెడిది. ఆమె కల్వమున నూరునప్పుడు పిల్లలమైన మేము ఆ వైపునకు పోరాదు. వీధి యరుగుమీద నప్పటికే పదిమంది కూర్చుండెడివారు. ధనికుడు ముందు, దరిద్రుడు వెనుక అను భేద మామె యెరుగదు. వచ్చిన వరుసయే వరుస. బాగైనవారు అరటిగెల తెచ్చినను తిరిగి పంపివేసెడిది. ఆమెవంటి నిస్స్వార్థులను మేము తరువాత జీవితమున చాల కొద్దిమందిని చూచితిమి. అందుచేతనే ఈ వ్రాత మాకు కష్టముగ నున్నది.

1991 వర్షాకాలమున పొరుగూరినుండి ఏడవనెల గర్భిణి యొకతె వచ్చినది. మొదటి యాదివారము నడచి వచ్చెను. రెండవ యాదివారము రిక్షాలో తెచ్చిరి. మూడవ యాదివారము ఆమె రాలేదు. ఆమె అన్న వచ్చి, చెల్లెలు పగలంతయు నిద్రపోవుచున్నదనియు, పిలిచిన పొంతనలేని మాటలాడుచున్నదనియు చెప్పెను. మా మామ్మ మూడవ మోతాదును గ్లాసులో పోసి యతని చేతికిచ్చెను. మరునాడు కాకినాడకు తీసికొనిపోవుచుండగా ముక్తేశ్వరము రేవున, పంటుమీదనే, ఆమె ప్రాణము పోయినది. మాకప్పుడు పదునొకండేండ్లు. ఆ కబురు విన్ననాడు మా మామ్మ అన్నము ముట్టలేదు. "ఆయువు తీరిపోయిందిరా" అని మాత్రమన్నది. వచ్చిన యాదివారమున మరల కల్వము కడిగి కూర్చున్నది.

ఆమెకు తెలియనిదానిని నేడు మేమామె పాపముగ నెంచుట లేదు. అయినను అప్పుడెవ్వరికిని తోచని యొక విషయము గలదు. బ్రతికినవారు మా గుమ్మ మెక్కి దండము పెట్టెదరు. చనిపోయినవారు రారు, వారివారు సిగ్గుచేతనో దుఃఖముచేతనో మరల మా వీధికే రారు. నలువది యేండ్లు మందిచ్చిన మా మామ్మకు కనబడినదంతయు గెలుపే.

కామెరలనునది నిజమునకొక రోగము కాదు, రోగచిహ్నము. మన ప్రాంతమున వానకాలమునందు వచ్చు కామెరలు చాలవరకు కలుషితమైన నీటివలన సంక్రమించు హెపటైటిస్ ఎ, హెపటైటిస్ ఇ అను వైరసులవలన గలుగునవి. ఈ రెంటిలో నెక్కువమందికి ఏ మందును లేకయే నాలుగైదు వారములలో పసుపు విరిగి, ఆకలి పుట్టి, ఆరోగ్యము చేకూరును. కన్నులు పచ్చబడినపిమ్మట నాలుగు దినములు చూచి మా యింటికి వచ్చినవాడు మూడాదివారములు గడుపునప్పటికి ప్రకృతియే తన పని ముగించుచున్నది. ఆ మూడు వారముల నియమమును పెట్టిన పూర్వు లెవరోగాని గట్టి పరిశీలకులే. రోగ మెన్నినాళ్లుండునో కనిపెట్టిరి. కాని ఫలమును ఆకున కంటగట్టిరి. గర్భిణుల విషయ మట్లు కాదు. నెలలు నిండుచున్న స్త్రీకి హెపటైటిస్ ఇ వచ్చెనా, నూటికి ఇరువదిమంది వరకు, ఒక్కొక్కచో నంతకు మించియు, మరణింతురు. 1955 చివర ఢిల్లీలో యమున ప్రవాహము మారి మురుగునీరు త్రాగునీటిలో కలిసినప్పుడు సుమారు 29 వేలమందికి కామెరలు వచ్చినవి; అందును గర్భిణులలోనే మరణము లెక్కువగ జరిగినట్లు వైద్యులు లెక్కవ్రాసిరి. మా యరుగుమీద నెవ్వరును లెక్క వ్రాయలేదు. వ్రాసియుండినయెడల గర్భిణి వచ్చిన తోడనే పెద్దాసుపత్రికి పంపవలెనన్న జ్ఞానము ఆ యరుగుననే పుట్టియుండును.

అయితే ఆకు బొత్తిగ వ్యర్థమా యని చదువరు లడుగవచ్చును. ఆ మాటయు మేమనజాలము. అనుటకు పరీక్ష కావలెను, పరీక్షకు పేరు కావలెను. పేరు దాచుట శాస్త్రసమ్మతమని కొందరందురు. చరకసంహిత సూత్రస్థానము మొదటి యధ్యాయమున నున్నది దీనికి సరిగ విరుద్ధము. మేకలు గొఱ్ఱెలు కాచువారికిని, వనచరులకును ఓషధుల నామరూపములు తెలియుననియు, అంతటితో చాలదనియు, వాని ప్రయోగము నెరిగినవాడే వైద్యుడనియు, తెలియని మందు విషముతోను శస్త్రముతోను సమానమనియు నందు చెప్పబడినది. నామము మొదటి మెట్టు. ఆ మెట్టునే మనవారు గోడకట్టి మూసిరి.

ఇట్టి గోడ యొకటి సీమలోను ఉండినది. ఇంగ్లండులోని ష్రాప్షైరు ప్రాంతమున నొక ముసలమ్మ నీరుపట్టు రోగమునకు కుటుంబరహస్యమైన కషాయ మిచ్చుచుండెను. పెద్ద వైద్యులు విడిచినవారిని గూడ నామె బాగుచేయుననియు చెప్పుకొనుచుండిరి. 1775లో విలియం విదరింగ్ అను వైద్యునకు ఆ యోగమును పరిశీలించు నవకాశము కలిగెను. అందు ఇరువదివరకు మూలికలుండగా, పనిచేయునది ఫాక్స్‌గ్లోవ్ అను మొక్క యొక్కటే యని యతడు గుర్తించెను. పదియేండ్లు దానిని ప్రయోగించి 1785లో గ్రంథము ప్రకటించెను. ఆ గ్రంథమున మమ్ము ముగ్ధులను చేసినది అతని బుద్ధి సూక్ష్మత కాదు. గెలిచిన రోగులనే గాక యోడిన రోగులను సైతము, తన మోతాదు మిక్కుటమై బాధపడినవారిని సైతము, వరుసగ వ్రాయుట. మంచివానిని మాత్ర మేరి వ్రాసిన కీర్తి సులభముగ వచ్చునని యతనికి తెలియును. ఆ మొక్క జాతినుండి వచ్చిన డిజాక్సిన్ నేటికిని గుండెజబ్బులకు వాడబడుచున్నది. ముసలమ్మ పేరు మాత్ర మెవ్వరికిని నిశ్చయముగ తెలియదు. ఆమె మందును దాచెను, కాలమామెను దాచినది.

మన వాకిళ్లలోని బిళ్ళగన్నేరును చూడుడు. పూజకు కోయుటయే గాని దానిని మనము లక్ష్యపెట్టము. జమైకా దీవిలోని జనులు దాని యాకును మధుమేహమునకు కాచి త్రాగుచుండిరి. ఆకు పేరును ఆకును గూడ దాచక కెనడాలోని పరిశోధకులకు చేర్చిరి. ఎలుకలపై చూడగా మధుమేహమునకది పనికిరాలేదు. కాని తెల్లరక్తకణములు తగ్గిపోయినవి. ఆ యపజయమును వదలక వెంబడింపగా 1958లో విన్‌బ్లాస్టిన్ అను క్యాన్సరుమందును వేరుచేసిరి. పిమ్మట నదే మొక్కనుండి విన్‌క్రిస్టిన్ వచ్చినది.

ఇట్టిదే మరియొక కథ మన నేలబిడ్డది. 1895లో భీమవరమున జన్మించి రాజమహేంద్రవరమున చదువుకొనిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో కొంతకాలము బోధించి, 1922లో అమెరికాకు పోయిరి. ఫోలిక్ ఆమ్లమను పదార్థము 1941లో ఇతర పరిశోధకులచే పాలకూరనుండి వేరుచేయబడినది. ఆకు అను నర్థముగల లాటిన్ మాటనుండియే దానికా పేరు. దానిని ప్రయోగశాలలో నిర్మించిన బృందమునకు సుబ్బారావుగారు నాయకులు. ఆ వర్గపు పదార్థములను రక్తక్యాన్సరు గల పిల్లలకిచ్చి చూచిన బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బర్, రోగము తగ్గుటకు మారుగ విజృంభించుట కనుగొనెను. తలవంపు తెచ్చు ఫలితమే. ఆయన దానిని దాచలేదు. పోషించునది రోగమును పెంచినచో దాని విరోధి రోగమును అణచవలెనుగదా యని యోచించెను. ఆ విరోధిని, అమినోప్టెరిన్‌ను, సుబ్బారావుగారి బృందము సిద్ధముచేసి యిచ్చెను. 1948లో ఫార్బర్ ప్రకటించిన వ్యాసమున 16 మంది పిల్లలలో 10 మందికి గుణము కనబడినట్లును, అది కొంతకాలమే నిలిచినట్లును స్పష్టముగ నున్నది. దాని సోదరియైన మెథోట్రెక్సేటును, బిళ్ళగన్నేరునుండి వచ్చిన విన్‌క్రిస్టినును నేడు పిల్లల రక్తక్యాన్సరు చికిత్సలో చేరి యున్నవి. రెండును బయటపెట్టిన యోటమినుండి పుట్టినవే.

పేరు చెప్పినచో పరదేశీయులు దోచుకొందురను భయమొకటి కలదు. పసుపు గాయములను మాన్పునన్న సంగతికి 1995లో అమెరికాలో పేటెంటు పుట్టిన మాట వాస్తవమే. అది 1997లో రద్దయినది. ఎట్లు రద్దయినది? పసుపు గుణము మన గ్రంథములలో ముందే వ్రాసియున్నదని భారత శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనా మండలి చూపగలుగుటచేత. వ్రాసినదే మనలను కాపాడినది. చెంగున దాచినదానిని ఏ న్యాయస్థానమున చూపెదము? కొండవాండ్ర మాట వేరు. వారు చెప్పినదానిపై నితరులు ధనము గడించుట అన్యాయము. కేరళలో కాణి జాతివారు చూపిన ఆరోగ్యపచ్చ యను మొక్కనుండి మందు చేసినప్పుడు తిరువనంతపురపు ఉద్యాన పరిశోధనాలయము లైసెన్సు రుసుములో సగము వారికి పంచిపెట్టినది. రంపచోడవరపు కొండలలో మూలిక చూపువానికిని అట్టి భాగము రావలెను. అది పేరు దాచవలెననుటకు కారణము కాదు, పేరుతోపాటు చెప్పినవాని హక్కును వ్రాయవలెననుటకు కారణము.

వీనికంటె బలమైన యాక్షేపణ వేరొకటి. పేరు తెలిసిన ప్రతివాడును వైద్యుడగును. ఒకదానికి బదులొకటి పీకికొని త్రాగును. కరోనా కాలమున తిప్పతీగ కషాయమును లక్షలమంది త్రాగిరి. 2021లో ముంబయి వైద్యులు దానిని త్రాగి కాలేయము చెడిన ఆరుగురి సంగతి ప్రకటింపగా, అది తిప్పతీగ కాకపోవచ్చును, దానిని పోలిన వేరొక తీగ కావచ్చునని ఆయుష్ శాఖ సమాధానము చెప్పెను. ఆ వివాదములో నెవరిది న్యాయమో యటుండనిండు. తీగ యేదియో తెలియవలెనని యుభయపక్షములును వాదించినవి. ఈ యాక్షేపణకు మావద్ద పూర్తి సమాధానము లేదు. పేరు చెప్పుటవలన కొందరు చెడుదురు. చెప్పకుండుటవలన చెడినవారిని మేమెరుగుదుము. ఒకరిని పంటుమీద నెరుగుదుము.

ఇక మిగిలినది మా మాట. 2009లో మా మామ్మ మంచము పట్టినప్పుడు మమ్ము పిలిచి, చెవిలో ఆకు పేరు చెప్పి, ఎవ్వరికిని చెప్పనని చేతిలో చేయి వేయించుకొన్నది. ఆ మాటకు మేము పదునైదేండ్లకు పైగ కట్టుబడితిమి. కర్ణపర్వమున కౌశికుని కథ చదువరు లెరుగుదురు. సత్యమే పలుకుదునని వ్రతము పట్టిన యా తాపసుడు, దొంగలకు వెరచి యడవిలో దాగినవారి జాడను ఆ దొంగలకే నిజముగ చెప్పి, వారి చావునకు కారణమై, నరకమునకు పోయెను. వ్రతము నిలిచినది, మనుష్యులు చచ్చిరి. మౌనవ్రతమున నట్టి ఫలము కలుగునప్పుడు మాటకంటె మౌనము పవిత్రమగునా? మా మామ్మ నేడుండి, గర్భిణులను గూర్చిన లెక్క వినియుండినచో, తానే మాట వెనుకకు తీసికొనియుండునని మా నమ్మకము. ఒకవేళ తీసికొనదేమో. అప్పుడును మేమిదే చేసియుందుము.

ఆ యాకు నేలయుసిరిక. చేల గట్లమీద, నూతుల చెంత, జానెడెత్తున పెరిగి, ఆకులక్రింద ఆవగింజలకంటె కొంచెము పెద్దవైన కాయలు వరుసగ మోయు మొక్క. దానిని పోలిన తోబుట్టువులు మూడు నాలుగు గలవు. మా మామ్మ పెరికినవన్నియు నొక్కటియేనా యని మాకిప్పుడు సందేహము. మద్రాసు పరిశోధకులు 1988లో లాన్సెట్ పత్రికలో, హెపటైటిస్ బి వైరసును దీర్ఘకాలము మోయుచున్నవారికి దీనిచూర్ణ మిచ్చి చూడగా 37 మందిలో 22 మంది రక్తమున వైరసుచిహ్నము మాయమైనదనియు, ఉత్తమాత్రలు మింగిన 23 మందిలో నొక్కనికే యట్లైనదనియు ప్రకటించిరి. ప్రపంచమంతట ఆశ పుట్టెను. తరువాత ఇతరచోట్ల చేసిన పరీక్షలలో ఆ ఫలితము మరల రాలేదు. నేలయుసిరిక కథ నేటికి అంతవరకు నడచినది.

ఆదివారములలో మా యరుగు ఇప్పటికిని ఖాళీగ నుండదు. వచ్చినవారికి మేము మొక్కను చూపి పేరు చెప్పుచున్నాము. ఎన్ని దినములనుండి పసుపు, గర్భిణియా, మగత గలదా, రక్తము పడుచున్నదా యని యడిగి, నోటుపుస్తకమున వ్రాసికొని, ముందు రక్తపరీక్ష చేయించుకొనుడని ఆసుపత్రికి పంపుచున్నాము. నెల దినముల పిమ్మట మరల కబురు కనుగొని, బాగైనను కాకున్నను ఆ పేరు కెదురుగ వ్రాయుచున్నాము. క్రిందటి నెలలో మనుమని వెంటబెట్టుకొని వచ్చిన యొక వృద్ధురాలు మా మాట లన్నియు నోపికతో విని, చేతిలోని రెమ్మను తిరుగవేసి చూచి, అరుగుమీద పెట్టి లేచినది. "మామ్మగారి చేతిమందు అని వచ్చేవండి బాబూ. పేరు చెప్పేసేరు కదండీ, ఇంక గుణం ఉండదు" అనుచు, పిల్లవానిని చేయిపట్టుకొని వీధి దిగెను. వాని కన్నులు బాగుగ పచ్చబడియున్నవి. మేము మలుపువరకు వెంట పోయి రక్తపరీక్ష సంగతి మరల చెప్పితిమి. ఆమె తల యూపినది. రెండవ కాలువ యావల పేరు చెప్పని యిల్లొకటి గలదు. వా రా దారినే పోయిరి. పుస్తకమున ఆ పిల్లవాని పేరున కెదురుగ చోటు ఖాళీగనే యున్నది.