మనం లేని వేళ పారే నీరు

ఒక మనిషి గాఢనిద్రలో ఉన్నాడు. తెల్లవారుజామున నాలుగు గంటలకు అతని ఇంటి ముందు పచ్చికకు నీళ్ళు పడుతున్నాయి. అతను కుళాయి తిప్పలేదు, స్విచ్చి వేయలేదు. మరి ఆ నీటిని వదిలింది ఎవరు? అది వృథా అయితే, దానివల్ల ఎవరికైనా హాని కలిగితే, రేపు అల్లాహ్ సన్నిధిలో జవాబు చెప్పుకోవలసింది ఎవరు?

ఈ ప్రశ్న మా ఇంట్లోనే తలెత్తింది. మా ఆపా కొడుకు అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలోని డల్లాస్ శివార్లలో ఉంటాడు. తెలుగు కుటుంబాలు ఎక్కువగా స్థిరపడిన ప్రాంతమది. అక్కడ ఇళ్ళకు ముందూ వెనకా పచ్చిక పెంచుతారు. వేసవి ఎండకు నీళ్ళు పెట్టకపోతే అది మాడిపోతుంది. ఉద్యోగం చేసుకునేవాడికి రోజూ పైపు పట్టుకుని నిలబడే తీరిక ఎక్కడిది? అందుకని రెండు సెలవు రోజుల్లో కరెంటు వాల్వులు, టైమరు తనే స్వయంగా బిగించుకున్నాడు.

ఆ వాల్వు పనిచేసే తీరు గమనించదగ్గది. లోపల ఒక రబ్బరు పొర ఉంటుంది. దాని పైన చేరిన నీటి ఒత్తిడే పొరను కిందికి అదిమి దారిని మూసి ఉంచుతుంది. పైన సొలెనాయిడ్ అనే చిన్న తీగచుట్ట. టైమరు నుండి 24 వోల్టుల కరెంటు అందగానే అది ఒక చిన్న కడ్డీని పైకి లాగుతుంది. సన్నని రంధ్రం తెరుచుకుని పొర పైనున్న నీరు జారిపోతుంది. అప్పుడు కింది నీరు పొరను ఎత్తి పారడం మొదలుపెడుతుంది. కరెంటు ఆగితే దారి మళ్ళీ మూసుకుంటుంది. అంటే కరెంటు పోతే తెరుచుకుని ఉండిపోకుండా, మూసుకుపోయేలా దాన్ని తయారుచేశారు. ఏదైనా తేడా వస్తే ఆగిపోవడమే క్షేమమని తయారుచేసినవారు ముందే ఆలోచించారన్నమాట.

బిగించేవాడు కూడా అలాగే ముందుచూపుతో మెలగాలి. వాల్వు మీది బాణం గుర్తు నీరు పారే వైపుకే ఉండాలి. తీగల ముడులకు తడి తగలకుండా గ్రీజు నింపిన టోపీలు తొడగాలి. పెరటి మురికినీరు వెనక్కి మళ్ళి తాగునీటిలో కలవకుండా అడ్డుకునే పరికరం పెట్టాలి. అన్నిటికన్నా ముందు, పైపులోకి కాసేపు నీరు వదిలి, లోపల చేరిన మట్టిని, ఇసుకను కడిగేయాలి. ఎందుకంటే ఒక్క ఇసుక రేణువు ఆ సన్నని రంధ్రంలోనో, పొర అంచునో ఇరుక్కున్నా వాల్వు పూర్తిగా మూసుకోదు.

మావాడు మిగతావన్నీ శ్రద్ధగా చేశాడు. పైపు కడగడం మాత్రం తొందరలో వదిలేశాడు.

ఆ చలికాలంలో వాళ్ళ అమ్మకు జబ్బు చేసిందని తెలిసి హడావిడిగా బయలుదేరి వచ్చాడు. వచ్చేముందు టైమరు ఆపాడు. కానీ సరిగా మూసుకోని వాల్వు గుండా నీరు ఊరుతూనే ఉంది. పచ్చిక దాటి కాలిబాట మీదికి చేరింది. ఒక రాత్రి గడ్డకట్టే చలి వచ్చింది. ఆ తడి మంచుపలకగా మారింది. ఉదయం పక్కింటి వృద్ధురాలు దానిపై జారిపడింది. ఆమె మణికట్టు విరిగింది.

కబురు తెలిసి మావాడు కుమిలిపోయాడు. అయినా నాతో ఇలా అన్నాడు: "మామూ! నేను ఆ దేశంలోనే లేను. టైమరు కూడా ఆపి వచ్చాను. ఇసుక రేణువు చేసిన పనికి నేనెలా బాధ్యుణ్ణి?"

అతని మాటలో కొంత నిజం లేకపోలేదు. శక్తికి మించిన భారాన్ని అల్లాహ్ ఏ ప్రాణిపైనా మోపడు. తెలియక జరిగిన పొరపాటు, మరపు మన్నింపుకు నోచుకుంటాయని కూడా మనకు బోధించబడింది. భూమిలో పాతిన పైపు లోపల ఏముందో మనిషి కంటికి కనబడదు. అయితే నేను అతణ్ణి ఒక్క మాట అడిగాను: "పచ్చికలో ఆ మూల ఎప్పుడూ తడిగా ఉండటం నువ్వు ముందే చూశావా?"

అతను కాసేపు మౌనంగా ఉండి, "చూశాను. నెల రోజుల నుంచీ చూస్తున్నాను. తీరిక దొరికినప్పుడు వాల్వు విప్పి చూద్దామనుకున్నాను" అన్నాడు.

అసలు విషయం ఇక్కడుంది. రేణువు ఇరుక్కోవడం అతని చేతిలో లేదు. నెల రోజులు చూసి కూడా ఊరుకోవడం అతని చేతిలోనిదే. ప్రయాణానికి ముందు ఆ వాల్వులకు నీరిచ్చే చేతి కుళాయిని కట్టేయడం ఒక్క నిమిషం పని. అదీ అతని చేతిలోనిదే. తెలియనితనం సాకు కాగలదు. తెలిసీ వాయిదా వేయడం సాకు కాదు.

సోదరులారా! దీన్ని మరో వైపు నుండి ఆలోచించండి. మదీనాలో హజ్రత్ ఉస్మాన్ (రజి) రూమా బావిని కొని ప్రజలకు వదిలారు. ఇలాంటి దానాన్నే సదఖా జారియా అంటాం. దాత నిద్రపోతున్నా, చివరికి మరణించినా దాని పుణ్యం అతని ఖాతాలో చేరుతూనే ఉంటుందని నమ్ముతాం. మనం లేనప్పుడు పారే మంచినీటి పుణ్యం మనదే అని సంతోషించే మనం, మనం లేనప్పుడు పారిన నీరు చేసిన హాని మాత్రం యంత్రానిదని ఎలా అనగలం? ఒకసారి చేసిన ఏర్పాటు చాలాకాలం సాగే కర్మ. బిగించిన రోజున అది మొదలైంది, అంతే.

ఇక్కడ మరో తేడా కూడా గుర్తించాలి. పాపం వేరు, పరిహారం వేరు. ఉద్దేశం లేకుండా జరిగినదానికి అల్లాహ్ మన్నించవచ్చు. కానీ దెబ్బతిన్న మనిషి హక్కు దానితో తీరిపోదు. పొరపాటున ఇతరుల సొత్తు పాడుచేసినా నష్టం చెల్లించాలన్నది మన ధర్మశాస్త్రంలో అందరికీ తెలిసిన విషయం. మావాడు ఆ రాత్రే ఆ వృద్ధురాలికి ఫోన్ చేసి, జరిగింది దాచకుండా చెప్పి, క్షమాపణ కోరాడు. వైద్యం ఖర్చు తానే భరించాడు. ఆమె కోపగించుకోలేదు. తిరిగి వెళ్ళాక అతను మొట్టమొదట చేసిన పని వాల్వు విప్పి కడగడం.

ఇది అమెరికా పచ్చికల సంగతి మాత్రమే అనుకోకండి. మన తెలంగాణలో రైతులు బోరు మోటార్లకు ఆటోస్టార్టర్లు పెట్టుకునేవారు. కరెంటు ఏ అర్ధరాత్రో వచ్చేది. చీకట్లో పొలానికి వెళితే పాముకాటు భయం, షాకు భయం. ఆ పరిస్థితిలో ఆటోస్టార్టరు ప్రాణరక్షణే. 2018 జనవరి 1 నుండి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైంది. అప్పుడు అదే పరికరం అవసరం ఉన్నా లేకున్నా భూగర్భజలాన్ని తోడిపోసే ప్రమాదం వచ్చింది. అందుకే వాటిని తీసివేయమని ప్రభుత్వం రైతులను కోరింది. నిన్న సరైన ఏర్పాటు నేడు తప్పు కావచ్చు. యంత్రానికి ఆ సంగతి తెలియదు. తెలుసుకోవలసింది దాన్ని పెట్టినవాడే.

నీటి విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. దైవప్రవక్త (స) ఒక ముద్ నీటితో, అంటే లీటరుకన్నా తక్కువ నీటితో వుజూ చేసేవారు. పచ్చికకు నీరు చిమ్మే ఒక మామూలు గొట్టం నిమిషానికి ఆరేడు లీటర్లు పోస్తుంది. ఇంటి బయట వాడే నీటిలో సగం దాకా గాలికి, ఆవిరికి, కాలువకు పోతుందని అమెరికా పర్యావరణ సంస్థే చెబుతోంది. వాన పడుతుంటే నీటిని ఆపే సెన్సారు దొరుకుతుంది. దాన్ని పెట్టుకోవడం కూడా ఒక బాధ్యతే.

యంత్రాలు వాడటం తప్పు కాదు. శ్రమను తగ్గించే సాధనాలు అల్లాహ్ అనుగ్రహాలే. అయితే యంత్రం మన చేతికి విశ్రాంతినిస్తుంది, మన కంటికి కాదు. ఈ రోజు ఇంటికి వెళ్ళాక ఒక్క పని చేయండి. మీరు లేనప్పుడు మీ పేరున నడిచేవి ఏమేమి ఉన్నాయో చూడండి. మేడమీది ట్యాంకు పొర్లుతోందా? ఏ కుళాయి చుక్కలు కారుతోంది? "తర్వాత చూద్దాం" అని మీరు పక్కనబెట్టింది ఏది? దాన్ని ఈరోజే సరిచేయండి.

మనం చూసి కూడా ఊరుకున్నవాటిని మన్నించి, ఇకమీదట చూసిన వెంటనే సరిదిద్దుకునే బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.