దోమకొక అణా

నా చిన్ననాట మా బండ్రిలో ప్రతి యింటి వాకిటి గోడమీద నల్లని అక్షరములతో కొన్ని తేదీలు వేయబడి యుండెడివి. భుజమున పంపు తగిలించుకొని వచ్చిన మనుష్యులు గది గదికి డి.డి.టి. చల్లి, ఏ నాడు చల్లిరో గోడమీద గుర్తు వేసి పోయెడివారు. మా అవ్వకు ఆ వాసన గిట్టెడిది కాదు. అయినను ఆమె వారిని వారింపలేదు. తన యిద్దరు తోబుట్టువులను చలిజ్వరమునకు ఒప్పగించిన మనిషి ఆమె. తరువాత నేను పెరిగి, మెట్రిక్యులేషను ముగించి, విధివశమున ఆ జ్వరముల లెక్కలు వ్రాయు కచేరిలోనే గుమాస్తానై ముప్పది యేండ్లకు పైగా పనిచేసి విరమించితిని. మన సంఘమువారు ఈ సంచికకు ఏదైన వ్రాయుమని కోరినప్పుడు, పండితులకు తగిన విషయములు పండితులకు విడిచి, నా బల్లమీద ఇన్నేండ్లు కూర్చున్న ప్రశ్న నొకదానిని మీ ముందుంచ సాహసించితిని. ఒకని శరీరమువలన లోకమునకు మేలు కలిగినప్పుడు, ఆ మేలునకు కర్త యెవడు? ఆ ఋణమెవరికి చెల్లవలెను?

ఈ ప్రశ్నకు మూలమైన కథ మన తెలుగునేలమీదనే, సికిందరాబాదు కంటోన్మెంటు పొరుగున బేగంపేటలో జరిగినది. దాని నాయకుడు రొనాల్డ్ రాస్ అను పటాలపు వైద్యుడు.

ఈయన 1857 మే 13న హిమాలయపాదమున అల్మోరాలో జన్మించెను. తండ్రి హిందూదేశపు సైన్యమున సేనాపతి. పదిమంది సంతానములో ఈయన జ్యేష్ఠుడు. బాల్యమునందు ఈయన కోరినది వైద్యము కాదు, చిత్రలేఖనము, కవిత్వము. తండ్రి మాత్రము కుమారుడు ఇండియన్ మెడికల్ సర్వీసున చేరితీరవలెనని పట్టుపట్టెను. మన యిండ్లలో ఎరుగని వృత్తాంతమా యిది! లండనులో సెయింట్ బార్తొలొమ్యూ వైద్యశాలలో చదివి, 1881లో ఆ కొలువున ప్రవేశించి మద్రాసు రాజధానికి వచ్చెను. మొదటి యేండ్లు పటాలముతోపాటు ఊరూరు తిరుగుటలోను, పద్యములు వ్రాయుటలోను, గణితశాస్త్రముతో కాలక్షేపము చేయుటలోను గడచినవి. 1889లో రోసా బ్లాక్సమ్ అను నామెను వివాహమాడెను. 1894లో సెలవుమీద లండనునకు పోయినప్పుడు పాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు మలేరియా రోగి రక్తమునందలి పరాన్నజీవిని సూక్ష్మదర్శినిలో చూపి, దీనికి దోమతో సంబంధముండునని తన యూహ చెప్పెను. తండ్రి బలవంతముమీద వైద్యుడైనవాడు ముప్పదియేడేండ్ల వయస్సున ఆనాడు నిజముగా వైద్యుడయ్యెను.

1895లో సికిందరాబాదున 19వ మద్రాసు పదాతిదళమునకు వైద్యాధికారిగా వచ్చి పని మొదలుపెట్టెను. మొదట మార్గము తప్పెను. దోమ నీటిలో చచ్చుననియు, ఆ నీరు త్రాగుటవలన జ్వరము వచ్చుననియు మాన్సన్ యభిప్రాయము. దానిని పరీక్షించుటకు రాస్, రోగిని కుట్టిన దోమలు చచ్చిన నీటిని ఆరోగ్యవంతులకు, డబ్బిచ్చి, త్రావించెను. వారిలో ఒకని పేరు లచ్చుమన్ అని యాయన వ్రాతలలో నున్నది. మన లక్ష్మణుడే కావచ్చును. అతనికి కొలదిదినములకు స్వల్పముగా జ్వరము తగిలెను కాని నెత్తుట పరాన్నజీవి కనబడలేదు. జ్వరము తనంతట తగ్గెను.

ఇంతలో కలరా పనిమీద బెంగుళూరునకు పంపబడి, తరువాత 1897 వసంతమున నీలగిరుల యడుగున సిగూరు లోయలో దోమలను వెదకుచు తానే మలేరియా తెచ్చుకొని, కోలుకొని, వేసవి దాటి మరల సికిందరాబాదు చేరెను. అప్పటికి వందలకొలది దోమలను కోసి చూచెను, ఫలితము లేదు. అవి తగిన జాతి దోమలు కావు. ఆగస్టు నడుమ పరిచారకులు తెచ్చిన పురుగులనుండి రెక్కలమీద మచ్చలు గల గోధుమవన్నె దోమలు పుట్టెను. ఆస్పత్రిలో హుసేన్ ఖాన్ అను మలేరియా రోగి యుండెను. ఆగస్టు 16న అతనిని దోమతెరలో పరుండబెట్టి ఈ దోమలను లోపల విడిచిరి. కుట్టిన దోమ కొక్కంటికి ఒక అణా చొప్పున అతనికి కూలి. పది దోమలు కుట్టెను. పది అణాలు ముట్టెను.

ఆ తరువాతి దినములు చెమట కారుటచే సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టిన దినములు. గాలికి దోమ రెక్కలు చెదరునని పంకా లాగనీయక, ఆ యుక్కలో రాస్ ఒక్కొక్క దోమ కడుపును చీల్చి చూచుచుండెను. 20వ తేదీన, దోమలు అయిపోవచ్చిన సమయమున, ఒకదాని పొట్టగోడలో గుండ్రని కణములును, వానిలో మలేరియాకే చెల్లు నల్లని రేణువులును కనబడెను. మరునాడు మిగిలిన దోమను కోయగా ఆ కణములు మరింత పెద్దవైయుండెను. అనగా పరాన్నజీవి దోమలో పెరుగుచున్నదన్నమాట. 1898లో కలకత్తాలో పిచ్చుకలమీద పరీక్షించి, దోమకాటు ద్వారానే ఆ రోగము వ్యాపించునని స్థాపించెను. 1902లో నోబెల్ బహుమానము వచ్చెను.

ఇక నా ప్రశ్నకు వచ్చుచున్నాను.

భగవద్గీత పదునెనిమిదవ యధ్యాయమున ఏ కర్మ నెరవేరుటకైనను ఐదు కారణములు చెప్పబడినవి. అధిష్ఠానము, కర్త, కరణము, నానావిధములైన చేష్టలు, ఐదవది దైవము. కర్త రాస్ అనుటకు సందేహము లేదు. కరణము సూక్ష్మదర్శిని. (మా ప్రాంతమున కరణమనగా ఊరి లెక్కలు వ్రాయువాడు కూడ; ఆ లెక్కన నావంటి గుమాస్తా కరణములలో జేరును కాబోలు.) చేష్టలు ఆ ఉక్కపోతలోని కోతలు. తగిన దోమ తగిన దినమున పుట్టుటను దైవమనుకొందము. ఇక మిగిలినది అధిష్ఠానము. దీనికి శరీరమని వ్యాఖ్యాతలు అర్థము చెప్పుదురు. ఇచటనే చిక్కున్నది. గీత చెప్పిన శరీరము కర్తదే. ఇచట కర్త యొకడు, శరీరము వేరొకనిది. హుసేన్ ఖాన్ నెత్తురు లేనిదే ఆగస్టు 20 లేదు. అతనిని కరణములలో జేర్చి సూక్ష్మదర్శిని పక్కన నిలుపుదమా? నొప్పి నెరుగునదియు, కూలి నడుగునదియు కరణమెట్లగును?

ఉపాధ్యాయులై విరమించిన నా మిత్రులొకరు ఈ సంగతి విని, "కూలి మాట్లాడుకొన్నారు, కూలి ముట్టినది, ఇక ఋణమేమి? మన కళ్ళము ఊడ్చిన కూలివానికి ఆ యేటి పంటలో భాగమిత్తుమా?" అనిరి. మాట బలముగానే యున్నది. నేనును కొన్నాళ్ళు అట్లే తలచితిని. కాని నా తలపును మార్చినవాడు మరెవరో కాదు, ఆ రాసే.

పదవీవిరమణానంతరము రాస్ తన దేశపు ప్రభుత్వమునకు విజ్ఞాపన పెట్టుకొనెను. మశూచికి టీకా కనిపెట్టిన జెన్నరునకు బ్రిటిష్ పార్లమెంటు 1802లో 10,000 పౌనులు, 1807లో మరి 20,000 పౌనులు ఇచ్చినది. తన పనికి అట్టి పరిహారమేల లేదని ఆయన వాదము. ప్రభుత్వము ఇయ్యలేదు. తుదకు 1928లో తన కాగితములనన్నిటిని లేడీ హౌస్టన్‌కు 2,000 పౌనులకు అమ్ముకొనెను. ఈ విజ్ఞాపనను నేను తప్పుపట్టను. దాని యర్థమును మాత్రము గమనింపుడు. రాస్ ఆ పని చేసిన కాలమున నెలనెల జీతము తీసికొన్న యుద్యోగియే. జీతము ముట్టినంత మాత్రమున లోకము తనకు పడిన బాకీ తీరలేదని ఆయన నమ్మెను. జీతముతో ఆయనకు తీరని బాకీ, పది అణాలతో హుసేన్ ఖాన్‌కు ఎట్లు తీరును? ఇద్దరి విషయమునను చేసిన పనికి వెల కట్టిననాడు ఆ పని వెల ఎవరికిని తెలియదు. తెలియని వస్తువు బేరము సగమే బేరము.

లచ్చుమన్ సంగతి ఇంతకంటె బరువైనది. హుసేన్ ఖాన్ అప్పటికే రోగి. పది దోమలు కుట్టుటచే అతనికి వచ్చిన క్రొత్త ముప్పు లేదు. లచ్చుమన్ ఆరోగ్యవంతుడు. అతనిచే రోగము త్రావించ జూచిరి. రోగము రాకపోవుట ఊహ తప్పగుటచేతనే గాని జాగ్రత్తచేత కాదు. డబ్బుకొఱకు ఒప్పుకొనెను నిజమే. కాని ఆకలిగొన్నవాని యొప్పుకోలు ఎంతవరకు ఒప్పుకోలు? ఇది ఆ కాలపు ధర్మమందురా, 1900లో క్యూబాలో వాల్టర్ రీడ్ అను మరియొక పటాలపు వైద్యుడు పచ్చజ్వరమునకు దోమయే కారణమని పరీక్షించినప్పుడు, ముందుకు వచ్చినవారికి వారి భాషలోనే పత్రము వ్రాయించి, చావు సంభవింపవచ్చునని అందు చెప్పి, నూరు డాలర్ల బంగారమును, జ్వరము వచ్చినచో మరి నూరును ఇచ్చు నేర్పాటు చేసెను. అనగా ఆ కాలమునకే ఆ ధర్మము తెలియనిది కాదు. లోకమంతకును వ్రాతమూలకముగా 1947లో న్యూరెంబర్గున, 1964లో హెల్సింకిలో వచ్చినది. అదియు ఎందరో బలియైన తరువాత.

ఇంత చెప్పి రాస్‌ను చిన్నచేయుట నా యుద్దేశము కాదు. తాను కనుగొన్న దానిని తన సొత్తుగా దాచుకొనలేదు. సియెరా లియోన్, ఇస్మాయిలియా, మారిషస్ మొదలగు చోట్లకు పోయి మురుగుగుంటలు పూడ్చుటను బోధించెను. ఆయన పెద్దకుమారుడు 1914 ఆగస్టులో లె కటో యుద్ధమున మరణించెను. భార్య 1931లోను, తాను 1932లోను గతించిరి. ఇటలీ శాస్త్రజ్ఞుడు గ్రాస్సీతో కీర్తికై జీవితాంతము కలహించినవాడే, తన పుస్తకములో హుసేన్ ఖాన్ పేరు వ్రాసెను. లచ్చుమన్ పేరు వ్రాసెను. తనవెంట నిలిచిన పరిచారకుడు మహమ్మద్ బక్ష్ పేరు వ్రాసెను. ఈ యొక్క విషయమున ఆయన నాకంటె మేలు.

ఏల యన, మా కచేరిలో జ్వరపీడితుల వ్రేలు పొడిచి తీసిన నెత్తుటిచుక్క గాజుపలకమీద ఎండి, సంఖ్యతో నా బల్లమీదికి వచ్చెడిది. రిజిస్టరులో సంఖ్యకొక గడి, పేరుకొక గడి. పని తొందరలో సంఖ్యలు ముందు ఎక్కించి, పేర్లు తరువాత వ్రాయుదమని విడుచుట నా కలవాటు. ఒక వానకాలమున పైకి పంపవలసిన పలకలకట్ట నొకదానిని, పంపు లేఖమీద సంతకము లేదను కారణమున, నా సొరుగులో పెట్టి మరచితిని. తొమ్మిది దినములు గడచెను. అందులో ఒక గొఱ్ఱెలకాపరి మనుమని నెత్తురున్నది. బాలుడు బ్రతికెను, ఆ సంగతి ముందే చెప్పుచున్నాను. కాని మొదట ఇచ్చిన మాత్రలతో తగ్గిన జ్వరము తిరగబెట్టి, పూర్తి మందు అందులోపల వాడు బొమికలగూడయ్యెను.

ఆ తాత ఒకనాడు కచేరికి వచ్చి, గడప యివతలనే నిలిచి, కన్నడము కలిసిన తెలుగున అడిగెను: "సామీ, మా పిల్లోని నెత్తురు తీసుకొని పోతిరి గదా. దాని కతేమాయె?"

"కూర్చో పెద్దాయనా, చూస్తా" నంటిని. రిజిస్టరు తెరచితిని. సంఖ్యలున్నవి, పేర్లు లేవు. ఏది ఆ పిల్లవాని నెత్తురో చెప్పలేకపోతిని. అతడు కోపపడలేదు. "ఉండనీలే సామీ, యాడో ఒకాడ ఉంటాది" అని లేచిపోయెను. కోపపడినను బాగుండెడిది.

శతపథ బ్రాహ్మణము మనిషి పుట్టుకతోనే దేవ, ఋషి, పితృ ఋణములతోపాటు మనుష్యులకును ఋణపడి యుండునని చెప్పుచున్నది. మొదటి మూడింటిని మన పెద్దలు పదే పదే చెప్పుదురు. నాలుగవది అంతగా వినబడదు. నా యెఱుకలో అది యజ్ఞమునకు సంబంధించినది కాదు. గడి నింపుటకు సంబంధించినది. 1947 ప్రాంతమున ఏటేట ఏడున్నర కోట్లమంది మలేరియా పాలైన దేశమున 1965 నాటికి ఆ సంఖ్య లక్షకు దిగినదన్నచో, 1976 నాటికి మరల అరువదినాలుగు లక్షలు దాటినదన్నచో, ఆ యెక్కుట దిగుట తెలిసినది వ్రేలు చాచిన మనుష్యుల నెత్తుటివలననే. మేము వారికి అణాయైనను ఈయలేదు.

పదవీవిరమణకు వారమున్నదనగా, పాత రిజిస్టర్లు అప్పగించునప్పుడు, ఆ వానకాలపు పుస్తకమును వెదకి తీసితిని. తేదీని, గ్రామమును, వయస్సును సరిచూచుకొనగా ఆ బాలుని వరుస దొరికినది. మూసిన లెక్కలలో చేయిపెట్టుట నిబంధనలకు విరుద్ధమని నాకు తెలియును. ఇతరులకు ముప్పదియేండ్లు ఆ నిబంధన చెప్పినవాడను నేనే. సిరా వాడలేదు. ఖాళీ గడిలో పెన్సిలుతో వాని పేరు వ్రాసి, పుస్తకము మూసి, కట్టలో పెట్టితిని.