బిడ్డకు జ్వరం వచ్చిన రాత్రి

ఇషా నమాజు అయింది. బిడ్డ ఒళ్ళు పెనంలా కాలుతోంది. దాదీ దువా చదివి ఊదుతుంది, ఒకరు దిష్టి తీయమంటారు, మరొకరు తావీజు కట్టించమంటారు. థర్మామీటరు మాత్రం బీరువాలోనే ఉంటుంది. మన ఇళ్ళలో ఇది కొత్త సంగతి కాదు.

దువా చదవడం తప్పు కాదు సుమా! రోగి ఒంటిని కుడిచేత్తో నిమిరి, మానవుల ప్రభువును స్వస్థత కోసం వేడుకోవడం దైవప్రవక్త (స) సంప్రదాయమని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల ద్వారా మనకు తెలుస్తోంది. అయితే జ్వరాన్ని నీటితో చల్లార్చమన్నదీ, వైద్యం చేయించుకోమన్నదీ కూడా ఆయనే. ఒకటి పట్టుకుని మిగతావి వదిలేస్తే అది తవక్కుల్ ఎలా అవుతుంది? ఇక ఆపద తొలగిస్తుందని తావీజు కట్టుకోవడం ఆయన వారించిన పని.

నీరంటే ఐసునీరు కాదు, గోరువెచ్చనిది. తడిగుడ్డతో ఒళ్ళు తుడవాలి, బిడ్డ వణికితే ఆపాలి. దుప్పట్లు కప్పి ఉడికించవద్దు. చంటిబిడ్డకు తల్లిపాలు మానకూడదు.

పారాసిటమాల్ మోతాదుకు బరువే లెక్క. ఒక్కో కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, 6 గంటల ఎడంతో, రోజుకు 4 సార్లకు మించకుండా. సిరప్‌లన్నీ ఒకటి కావు. 5 మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాములున్నవీ ఉన్నాయి, 250 ఉన్నవీ ఉన్నాయి. పక్కింటివారు చెప్పిన చెంచా లెక్కన పోస్తే రెట్టింపు పడవచ్చు. ఆస్పిరిన్ ఇవ్వనే కూడదు.

3 నెలలు నిండని పసికందుకు 100.4 డిగ్రీల జ్వరముంటే తెల్లవారేదాకా ఆగవద్దు. ఏ వయసు బిడ్డయినా పాలు, నీళ్ళు పట్టకపోయినా, ఎగశ్వాస వచ్చినా, లేపినా మత్తు వీడకపోయినా అంతే. ఫిట్స్ వస్తే చేతిలో తాళంచెవులు పెట్టడం, పళ్ళ మధ్య చెంచా దూర్చడం వద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

డెంగ్యూ సంగతి మరీ మోసం. జ్వరం దిగాకే అసలు ప్రమాదం మొదలు కావచ్చు. తావీజు పనిచేసిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకునే ఆ రోజే కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళలో రక్తం, చల్లబడిన కాళ్ళూచేతులూ కనిపిస్తాయేమో చూడాలి.

జ్వరంతో వణుకుతూ దాన్ని తిట్టిన ఉమ్ము సాయిబ్ (రజి)ను దైవప్రవక్త (స) వారించారు, అది పాపాలను తొలగిస్తుందన్నారు. పసిబిడ్డకు పాపాలెక్కడివి? ఆ రాత్రి పరీక్ష తల్లిదండ్రులది. ఇద్దరిదీ! రోగి దగ్గర ఉండవలసినవాడు జమాఅత్‌కు వెళ్ళలేకపోతే దాన్ని తగిన కారణంగానే ధర్మవేత్తలు పరిగణించారు. కనుక రెండో జాము తండ్రి మేల్కోవాలి, తల్లిని కాసేపు పడుకోనివ్వాలి.