తెర ఎవరి వైపు?

మన దగ్గర ఏ స్కానింగ్ సెంటర్‌కి వెళ్లినా గోడ మీద ఒక బోర్డు కనిపిస్తుంది. ఇక్కడ లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు, అది చట్టరీత్యా నేరం అని. 1994లో చేసి, 1996 నుంచి అమలు చేసి, 2003లో ఇంకా బిగించిన చట్టం ఆ బోర్డుని అక్కడ పెట్టించింది. కడుపులో ఉన్నది ఆడో మగో మాటతో గానీ సైగతో గానీ మరే రకంగా గానీ చెప్పకూడదంటుంది ఆ చట్టం. స్త్రీల సంఘాలు ఏళ్ల తరబడి కొట్లాడి తెచ్చుకున్న మౌనం అది. ఆడపిల్ల పుట్టాలంటే ఆ గదిలో డాక్టరు నోరు కట్టేసుకోవలసిందే. దాని మీద నాకు రెండో మాట లేదు.

అయితే అదే గదిలో, అదే మిషను పక్కన, రొమ్ములో గడ్డ చూపించుకోవడానికి పడుకున్న స్త్రీకి కూడా అదే మౌనం ఎందుకు ఎదురవుతోంది? ఇక్కడ ఎవరి నుంచి ఎవరిని కాపాడుతున్నట్టు? గడ్డ ఆమెది, భయం ఆమెది. దాని గురించి మొదట తెలుసుకునే హక్కు ఎవరిది?

నిజానికి ఈ మౌనం స్కానింగ్ గది కన్నా ముందే మొదలవుతుంది. ఎం.ఏ. తరగతిలో ప్రబంధ నాయికల వర్ణనలకి మా చేత ప్రతిపదార్థాలు చెప్పించారు. కుచాలు, పాలిండ్లు, చన్నుగవ, బంగారు కుండలు, జక్కవ పిట్టలు, ఏనుగు కుంభస్థలాలు. ఒక అవయవానికి ఇన్ని మాటలున్న భాష మనది. మొన్నామధ్య ఒక సెంటర్‌లో "ఏం స్కానింగమ్మా?" అని కౌంటర్‌లో కుర్రాడు అడిగితే, నా ముందు నిలబడ్డ పెద్దావిడ పైట మీద చెయ్యి పెట్టి "ఇక్కడ బాబూ" అంది. అతనికి అర్థం కాలేదు. మళ్లీ అడిగాడు. నా వంతు వచ్చినప్పుడు నేను "బ్రెస్ట్" అన్నాను. ఇంగ్లీషు మాట కూడా ఒక రకం పైటే. పై చదువులు చదివిన వాళ్లకి దొరుకుతుంది.

లోపల జరిగేది చెప్పాలంటే చాలా మామూలు విషయం. పరగడుపున రానక్కర్లేదు. నడుం పైభాగం బట్టలు తీసి వెల్లకిలా పడుకుని, ఆ వైపు చెయ్యి తల కింద పెట్టుకోవాలి. చల్లటి జెల్లీ రాసి, అరచేతిలో ఇమిడే పరికరాన్ని రొమ్ము మీదా చంకలోనూ నెమ్మదిగా జరుపుతారు. మన చెవికి అందని శబ్దం లోపలికి వెళ్లి, తగిలిన చోటి నుంచి వెనక్కి వచ్చి తెర మీద బొమ్మ కడుతుంది. రేడియేషన్ ఉండదు. గడ్డ ఉన్న చోట కొంచెం నొక్కినట్టుంటుంది, అంతే. మామోగ్రామ్‌కి ఇది బదులు కాదు గానీ, చిన్న వయసులో రొమ్ము కణజాలం చిక్కగా ఉంటుంది కనుక ముప్ఫై లోపు వాళ్లకి సాధారణంగా ముందు దీన్నే చేస్తారు. అన్నట్టు, ఇలా తాకే గడ్డల్లో ఎక్కువ భాగం కాన్సరు కావు. ఈ మాటలు ముందే చెబితే సగం వణుకు తగ్గుతుంది. చెప్పరు.

నాకు చేసిన ఆయన కూడా చెప్పలేదు. తెర ఆయన వైపుంది. నాకు వినిపించింది టిక్కుమనే చప్పుడొక్కటే. ఆ చప్పుడైనప్పుడల్లా దేన్నో కొలుస్తున్నారని అర్థమయింది. ఎన్నిసార్లు కొలుస్తున్నారో లెక్కపెట్టాను. ఏడు దాకా లెక్కపెట్టి, "ఏమైనా ఉందా డాక్టరుగారూ?" అన్నాను.

"రిపోర్టులో వస్తుందమ్మా. మీవారు వచ్చారా?"

డాక్టర్ల వైపు నుంచి చెప్పుకోదగ్గ వాదన ఒకటుంది. తెర మీద కనిపించేది నిజం కాదు, నీడ. దాన్ని చదవాలి. నల్లగా గుండ్రంగా ఉండి వెనక వెలుగు పరుచుకుంటే అది నీటి తిత్తి. నున్నటి అంచులతో అడ్డంగా పడుకున్న కోడిగుడ్డు ఆకారం చాలాసార్లు ఫైబ్రోఎడినోమా, అంటే ప్రమాదం లేని గడ్డ. అంచులు చెదిరి, నిలువుగా పెరిగి, వెనక నీడ పడితే అనుమానించాలి. ఈ చదువుకి సున్నా నుంచి ఆరు దాకా అంకెలున్నాయి, బైరాడ్స్ అంటారు. రెండు అంటే భయం లేదు. మూడు అంటే బహుశా భయం లేదు, కాన్సరయ్యే అవకాశం నూటికి రెండుకి మించదు, ఆరునెలల తర్వాత మళ్లీ చూద్దాం అని. నాలుగయితే ముక్క తీసి పరీక్షించమంటారు. తొందరపడి అన్న సగం మాట ఒక మనిషిని రాత్రంతా కూర్చోబెడుతుంది కదా అని వాళ్లంటారు. పాఠాలు చదివి బతికేదాన్ని, తొందర చదువు ఎంత చెరుపు చేస్తుందో నాకు తెలుసు, ఒప్పుకుంటాను.

కానీ ఆ వాదన నెమ్మదిగా చెప్పమంటుంది. చెప్పొద్దని అనదు. పైగా కొన్ని దేశాల్లో స్కాన్ చేసేది టెక్నీషియన్, ఫలితం చెప్పే అధికారం వాళ్లకి ఉండదు. మన దగ్గర సాధారణంగా పరికరం పట్టుకునేది డాక్టరే. చూస్తున్న కళ్లూ చదవగల కళ్లూ ఒకరివే అయినప్పుడు ఈ మౌనానికి వైద్యం కారణం ఎలా అవుతుంది? అలవాటు కారణం. ఆడదాని ఒంటి గురించిన వార్త ఇంటి పెద్దకి చేరాల్సిన వార్త అనే అలవాటు. "తట్టుకోలేదు" అని దానికి దయ రంగు పూస్తారు. పురుళ్లు పోసుకుని, ఆపరేషన్లు చేయించుకుని మర్నాటికి పొయ్యి దగ్గర నిలబడ్డ వాళ్ల గురించే ఈ మాట!

జాతీయ మానవహక్కుల కమిషన్ 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో జబ్బు గురించి తెలుసుకునే హక్కుంది. మగ డాక్టరు పరీక్షించేటప్పుడు పక్కన ఇంకో స్త్రీ ఉండాలని కోరే హక్కుంది. గోడ మీద దాన్ని అంటించిన స్కానింగ్ సెంటర్ని నేనింతవరకూ చూడలేదు. ముప్ఫై దాటిన స్త్రీల రొమ్ముల్ని ఐదేళ్లకోసారి ఆరోగ్య కార్యకర్తలు చేత్తో పరీక్షించాలని 2016లో కేంద్ర ప్రభుత్వం మార్గదర్శకాలిచ్చింది. మంచిదే. కానీ పరీక్షించిన చెయ్యి ఏం తెలుసుకుందో ఆమెకి చెప్పకపోతే, రెండోసారి గడ్డ తగిలినప్పుడు ఆమె ఎవరికీ చూపించకుండా పైట సర్దుకుంటుంది.

నా రిపోర్టులో మూడు అని వచ్చింది. ఆరునెలల తర్వాత వేరే చోటికి వెళ్లాను. ఆ డాక్టరు పని పూర్తి చేసి, తుడుచుకోమని టిష్యూ ఇచ్చి, తెర నా వైపు తిప్పింది. "ఇదిగో, ఇదే మీ గడ్డ. పెరగలేదు. అంచు చూడండి, ఎంత నున్నగా ఉందో" అంది. అరనిమిషం కూడా పట్టలేదు. నా లోపలిదాన్ని నేను చూడటం అదే మొదటిసారి.

మరి తెలుసుకోవడం ఇష్టం లేని వాళ్ల సంగతి? మా పిన్ని అలాంటిదే. కిందటేడు ఆమెకి స్కాన్ చేసినావిడ, "మీకే చెప్పనా, ఇంకెవరికైనా చెప్పమంటారా?" అని అడిగిందట. "మా అమ్మాయికి చెప్పండి, నాకు సంక్రాంతి అయ్యాక చెప్పండి" అంది పిన్ని. ఆమె హక్కుని ఆమె అలా వాడుకుంది. పండక్కి అరిసెలు వండి, కనుమ మర్నాడు కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని, "ఇప్పుడు చదువు" అంది.