సరమ అడిగిన ప్రశ్న

భారతకథ మొదట్లోనే ఓ కుక్కపిల్ల దెబ్బలు తింటుంది. జనమేజయుడి యాగశాల దగ్గర తిరుగుతున్న సారమేయుణ్ణి రాజు తమ్ముళ్లు కొట్టారు. తల్లి సరమ నేరుగా రాజు ముందుకొచ్చి, నా బిడ్డ చేసిన తప్పేమిటని నిలదీసింది. ఎవరూ సమాధానం చెప్పలేదు.

పశువైద్యుడి బల్ల మీద మూత్రంలో రాళ్లతో బాధపడే డాల్మేషియన్ జాతి కుక్కను చూసినప్పుడు కూడా ఆ ప్రశ్నే ఎదురవుతుంది. మూత్రానికని కాలెత్తుతుంది, ముక్కుతుంది, నెత్తురు జీరతో రెండు చుక్కలు పడతాయి. నాలుగడుగులు వేసి మళ్లీ కాలెత్తుతుంది. మగ కుక్కకు మూత్రనాళం ఒకచోట ఎముక గాడిలోంచి పోతుంది. మూత్రాశయంలోంచి జారిన రాయి అక్కడ ఇరుక్కుంటే దారి పూర్తిగా మూసుకుపోతుంది. అలాంటప్పుడు ఉలవకట్టు, బార్లీ నీళ్లు అంటూ కూర్చుంటే ప్రాణం మీదికొస్తుంది. ఒకట్రెండు రోజుల్లోనే మూత్రపిండాలు దెబ్బతిని, రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోవచ్చు. వైద్యుడు సన్నటి గొట్టంతో సెలైన్ కొట్టి రాయిని మూత్రాశయంలోకి వెనక్కి నెడతాడు. తర్వాత ఆపరేషన్ చేసి తీస్తాడు.

అన్ని రాళ్లూ ఒకటి కావు. ఇన్ఫెక్షన్ వల్ల ఏర్పడే స్ట్రువైట్ రాళ్లు యాంటీబయాటిక్స్‌తో, ప్రత్యేక ఆహారంతో కొన్ని వారాల్లో కరుగుతాయి. కాల్షియం ఆక్సలేట్ కరగదు, తీయాల్సిందే. డాల్మేషియన్‌కు వచ్చేవి ఎక్కువగా యూరేట్ రాళ్లు. మామూలు ఎక్స్‌రేలో తరచు కనబడవు కాబట్టి స్కానింగ్ కావాలి.

‘ఏ జన్మలో చేసుకున్న పాపమో’ అంటారు ఇంటి పెద్దలు. అది జాలితో అనే మాటే. కానీ ఈ పాపం మూలం మరీ అంత దూరంలో లేదు. ఎస్ఎల్‌సి2ఎ9 అనే జన్యువులో లోపం వల్ల ఈ జాతి కుక్కల కాలేయం యూరిక్ ఆమ్లాన్ని సరిగా మార్చలేదు. అది మూత్రంలోకి వచ్చేస్తుంది. జాతి స్వచ్ఛత పేరుతో ఇతర కుక్కలతో సంకరం కానివ్వకపోవడంతో లోపం జాతి మొత్తంలో అలాగే ఉండిపోయింది.

దాన్ని సరిదిద్దే దారి ఎప్పుడో దొరికింది. 1973లో అమెరికాలో జన్యు శాస్త్రవేత్త రాబర్ట్ షైబుల్ డాల్మేషియన్‌ను పాయింటర్ జాతి కుక్కతో ఒక్కసారి కలిపి, ఆ సంతతిని తరతరానా మళ్లీ డాల్మేషియన్లతోనే కలుపుతూ వచ్చాడు. డాల్మేషియన్ మచ్చలు నిలిచాయి, మంచి జన్యువూ నిలిచింది. 1981లో ఆ సంతతిలోని రెండు కుక్కలకు అమెరికన్ కెన్నెల్ క్లబ్ గుర్తింపు ఇచ్చింది. డాల్మేషియన్ పెంపకందారులు అభ్యంతరం చెప్పడంతో తలుపులు మూసుకున్నాయి. మళ్లీ తెరుచుకున్నది 2011లో. ఆ ముప్పై ఏళ్లూ రాళ్లతో బాధపడిన కుక్కలకు ఏ పూర్వజన్మను చూపిస్తాం?

జంతుజన్మ భోగయోని అని మన పెద్దలు చెబుతారు. అనుభవించడమే తప్ప కొత్తగా కర్మ చేసే వీలు దానికి లేదట. అదే నిజమనుకున్నా మనిషికి విముక్తి దొరకదు, బాధ్యత ఇంకా పెరుగుతుంది. కుక్క ఖాతాలో ఏముందో ఎవరూ చూడలేదు. దాన్ని పుట్టించినవాడి ఖాతా మాత్రం కెన్నెల్ క్లబ్బుల రికార్డుల్లోనే ఉంది.

ఇంట్లో ఇప్పటికే డాల్మేషియన్ ఉన్నవాళ్లు కార్జం, కిడ్నీ పెట్టడం మానాలి, నీళ్లు బాగా తాగించాలి. అల్లోప్యూరినాల్ వైద్యుడి లెక్క ప్రకారమే వాడాలి. ఆహారం మార్చకుండా ఆ మందు వేస్తే జాంథైన్ అనే మరో రకం రాళ్లు తయారుకావచ్చు. కొత్తగా పిల్లను కొనేవాళ్లు దాని తల్లిదండ్రుల జన్యు పరీక్ష కాగితం చూపించమని అమ్మేవాణ్ణి అడగాలి.